కల్యాణ మండపంలో ట్యూబ్ ఆంప్: పెద్ద హాలులో గట్టిగా మోగించి, శుభ్రంగా రికార్డు చేసే పద్ధతి

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల గిటారిస్టులు ఈ మధ్య తరచుగా అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. మండపం దొరికింది, 50 వాట్ల ట్యూబ్ ఆంప్ (ట్రాన్సిస్టర్లకు బదులు గాజు వాక్యూమ్ ట్యూబులతో పనిచేసే గిటారు ఆంప్లిఫయరు) ఉంది, రెండు మూడు మంచి మైకులూ ఉన్నాయి. అయినా రికార్డింగు వింటే గిటారు బావిలోంచి మోగుతున్నట్టు ఎందుకుంటోంది? చాలా సందర్భాల్లో తప్పు మైకుల్లో లేదు, పని చేసిన వరుసలో ఉంది. ముందు కరెంటు, తరువాత ఆంప్ నిలిపే చోటు, ఆ తరువాత వాల్యూమ్, చివరగా మైకు అన్నది సరైన వరుస. ఎక్కువ మంది దీన్ని తలకిందులు చేసి, మైకు నిలబెట్టాక మిగతా మూడింటినీ నాబులతో సరిదిద్దాలని చూస్తారు. ఈ మార్గదర్శి ఆ వరుసలోనే సాగుతుంది.

1. హాలును ఎంచుకోవడం

మన ప్రాంతంలో తక్కువ ఖర్చుతో దొరికే పెద్ద గది కల్యాణ మండపమే. ముహూర్తాలు ఉన్న నెలల్లో దాని జోలికి వెళ్లలేము కనుక, పెళ్లిళ్లు లేని ఆషాఢంలోనో ధనుర్మాసంలోనో అడగాలి. అద్దె విషయంలో బేరానికి అప్పుడే వీలుంటుంది. అయితే తిరుపతిలో ధనుర్మాసానికి ఒక ఇబ్బంది ఉంది. వైకుంఠ ఏకాదశికి వచ్చే యాత్రికుల రద్దీ, తెల్లవారుజామున మైకుల్లో వినిపించే తిరుప్పావై రెండూ ఆ నెలలోనే ఉంటాయి. నా లెక్కలో ఆషాఢమే మేలు. చిత్తూరు వైపు బెల్లం, మామిడి సరుకు పెట్టే గోదాములు ఖాళీగా ఉన్నప్పుడు దొరుకుతాయి కానీ, రేకుల కప్పు ఉన్నదైతే తీసుకోవద్దు. గట్టి శబ్దానికి రేకులు తామే మోగడం మొదలుపెడతాయి, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కురిసే ఈశాన్య రుతుపవనాల వానలో ఆ కప్పు కింద మైకు పెట్టడమే వృథా.

అడ్వాన్సు ఇచ్చే ముందు హాలు మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టాలి. చప్పుడు ఆగాక మిగిలే మోత, అంటే తోక, మెత్తగా, ఏకధారగా సుమారు 2 సెకన్లలో ఆరిపోతే ఆ హాలు పనికొస్తుంది. 3 సెకన్లు దాటితే వేగమైన రిఫ్‌లు ఒకదానిపై ఒకటి పడి కలగాపులగమవుతాయి. చప్పట్లకు జవాబుగా టర్రుమని గిలక తిరిగినట్టు మోగితే, అది ఎదురెదురు గోడల మధ్య శబ్దం కొట్టుకోవడం వల్ల పుట్టిన ప్రతిధ్వని. దానికి విరుగుడు ఉంది, 6వ అంశంలో చెబుతాను.

కొంచెం లెక్క తెలిస్తే మేలు. హాలు 20 మీటర్ల పొడవు, 12 మీటర్ల వెడల్పు, 6 మీటర్ల ఎత్తు ఉందనుకుంటే దాని ఘనపరిమాణం 1,440 ఘనపు మీటర్లు. సబైన్ సూత్రం ప్రకారం ప్రతిధ్వని నిలిచే కాలం, ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి హాలులోని మొత్తం శోషణతో (గోడలు, వస్తువులు శబ్దాన్ని తాగే శక్తితో) భాగిస్తే వచ్చేదానికి సమానం. ఆ హాలులో తోక 2.5 సెకన్లు ఉందంటే, గ్రానైట్ నేల, సున్నం గోడలు, కుర్చీలు అన్నీ కలిపి సుమారు 93 చదరపు మీటర్ల శోషణ మాత్రమే ఇస్తున్నాయన్న మాట. కాబట్టి నాలుగు జంపఖానాలు పరిచినంత మాత్రాన హాలు స్వభావం మారదు. పలుచని గుడ్డ పై స్వరాలను కొంత తాగుతుంది, కింది స్వరాలను అసలు తాకదు. హాలును మార్చే ప్రయత్నం మానుకుని, ఆంప్‌నూ మైకులనూ దానికి తగ్గట్టు నిలపడమే తెలివైన పని.

హాలు చూసేటప్పుడు అడిగి తెలుసుకోవలసినవి:

- వరుడి గది, వధువు గది హాలుకు ఎంత దూరంలో ఉన్నాయి, తలుపులు గట్టిగా మూసుకుంటాయా? వాటిలో ఒకటే మన కంట్రోల్ రూము, అంటే కూర్చుని రికార్డింగును వినే గది.
- ఫ్యాన్లు, ట్యూబ్‌లైట్లు అన్నీ ఒకే చోట నుంచి ఆపగలమా?
- వెంటిలేటర్లలో పావురాలు ఉన్నాయా?
- రైలు పట్టాలు, బస్టాండు, బడి ఎంత దగ్గర?
- మెయిన్ బోర్డు గది తాళం ఎవరి దగ్గర ఉంటుంది?

2. చట్టం, ఇరుగుపొరుగు

2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పరిసర శబ్దం పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. వాణిజ్య ప్రాంతంలో 65, 55. రాత్రి అంటే 10 గంటల నుంచి ఉదయం 6 వరకు. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, కోర్టుల చుట్టూ కనీసం 100 మీటర్ల వరకు నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు, అలా ప్రకటించిన చోట పరిమితి ఇంకా తక్కువ. మండపం ఎంపికలో ఈ 100 మీటర్ల సంగతి మరచిపోకూడదు.

ఆంప్‌ను పూర్తిగా మోగించి, ఒకరిని కాంపౌండు గోడ బయట సౌండ్ లెవెల్ మీటరుతో నిలబెట్టి చూడాలి. శబ్దం బయటికి పోయేది ఇటుక గోడల్లోంచి కాదు, కిటికీల్లోంచీ వెంటిలేటర్లలోంచీ. మేనేజరుకు సంగీతం అని మాత్రమే చెప్పి ఊరుకోకుండా, ఎంత గట్టిగా ఉంటుందో ఒక్క నిమిషం మోగించి వినిపిస్తే తరువాత గొడవ ఉండదు. ఉదయం 10 గంటల నుంచి మధ్యాహ్నం 1 వరకు, మళ్లీ 2.30 నుంచి 5 వరకు పని పెట్టుకోవడం అన్ని విధాలా అనుకూలం. సాయంత్రం గుళ్లో మైకులు, రోడ్డు మీద హారన్లు మొదలవుతాయి.

3. కరెంటు

ఈ పనిలో అన్నిటికంటే శ్రద్ధ అవసరమైన భాగం ఇదే, ఎక్కువ మంది దాటవేసే భాగమూ ఇదే.

ట్యూబ్ ఆంప్ లోపల, స్పీకరును నడిపే పవర్ ట్యూబుల లోహపు ప్లేట్ల మీద 400 నుంచి 500 వోల్టుల వరకు డీసీ ఉండవచ్చు. స్విచ్ ఆపి, ప్లగ్గు పీకిన తరువాత కూడా ఫిల్టర్ కెపాసిటర్లలో ప్రాణం తీయగల చార్జి నిలిచి ఉంటుంది. అందువల్ల హాలులో ఏ కారణం చేతా ఆంప్ చాసిస్ (సర్క్యూటు ఉన్న లోహపు పెట్టె) విప్పకూడదు. రిపేరు అవసరమైతే ట్యూబ్ పరికరాలు తెలిసిన మెకానిక్ బల్ల మీదే జరగాలి.

రెండో సంగతి ఎర్తింగ్. గిటారు తీగలు ఆంప్ చాసిస్ ద్వారా ఎర్తుకు కలుస్తాయి, అంటే వాయించేవారి చేతులు ఎప్పుడూ ఆ ఎర్తును తాకుతూనే ఉంటాయి. హమ్ (కరెంటు వల్ల స్పీకరులో వచ్చే గుయ్యిమనే మోత) పోతుందని ప్లగ్గులోని మూడో పిన్ను, అంటే ఎర్తు పిన్ను, తీసేయడం మన ఊళ్లలో వాడుక. అది ప్రాణాంతకం. మల్టీమీటరుతో సాకెట్టు దగ్గర మూడు కొలతలు తీయాలి: ఫేజుకు న్యూట్రల్‌కు మధ్య సుమారు 230 వోల్టులు, ఫేజుకు ఎర్తుకు మధ్య కూడా దాదాపు అంతే, న్యూట్రల్‌కు ఎర్తుకు మధ్య రెండు మూడు వోల్టులకు మించకుండా. రెండో కొలత రాకపోతే ఆ సాకెట్టుకు ఎర్తు లేనట్టే, అక్కడ ఆంప్ పెట్టకూడదు. మూడో కొలత చాలా ఎక్కువగా ఉంటే వైరింగులో లోపం ఉందని అర్థం. ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా ఆగాలి.

మూడోది ఫేజు. మండపాలకు సాధారణంగా త్రీ ఫేజు కనెక్షన్ ఉంటుంది. వేదిక మీది సాకెట్టు ఒక ఫేజులో, వరుడి గదిలోది మరో ఫేజులో ఉండవచ్చు. రెండు ఫేజుల మధ్య 400 వోల్టుల తేడా ఉంటుంది. ఆంప్, ఆడియో ఇంటర్‌ఫేస్, (మైకుల సిగ్నల్‌ను లాప్‌టాప్‌లోకి పంపే పెట్టె), లాప్‌టాప్ చార్జరు, పెడళ్ల పవర్ సప్లై అన్నీ ఒకే సాకెట్టు నుంచి, మంచి జంక్షన్ బాక్సు ద్వారా తీసుకోవడం శ్రేయస్కరం. అలా చేస్తే ఎర్త్ లూప్ (పరికరాలు వేర్వేరు దారుల్లో ఎర్తుకు కలవడం) వల్ల వచ్చే 50 హెర్ట్జ్ హమ్ చాలావరకు పుట్టకుండానే ఆగుతుంది.

వోల్టేజీ పగటిపూట ఎలా మారుతోందో గంటకోసారి రాసుకోవాలి. ఆంప్‌ను 230 వోల్టులకు అమర్చి ఉంటే, 210 కంటే పడిపోయినప్పుడు ధ్వని మెత్తబడి బలం తగ్గుతుంది. 245 దాటినప్పుడు ట్యూబుల హీటర్లు అవసరానికి మించి కాగి ఆయుష్షు కోల్పోతాయి. ఉదయం తీసిన టేకుకూ సాయంత్రం తీసిన టేకుకూ స్వరం కలవకపోవడానికి ఇదే కారణం కావచ్చు. వోల్టేజీని స్థిరంగా ఉంచే సర్వో స్టెబిలైజరు అద్దెకు తెస్తే ఆ బెంగ తీరుతుంది. అమెరికా నుంచి తెప్పించిన 120 వోల్టుల ఆంప్ అయితే, అది కరెంటు లైను నుంచి లాగే వాట్లకు (స్పీకరుకు ఇచ్చే వాట్లకు కాదు) కనీసం రెట్టింపు సామర్థ్యం ఉన్న స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు తప్పనిసరి.

కరెంటు పోతే మండపం జెనరేటరు మీదికి మారుతుంది. ఆ మార్పు జరిగే క్షణంలో ఆంప్ ఆన్‌లో ఉండకూడదు, జెనరేటరు కుదురుకుని మీటరు స్థిరపడ్డాకే మళ్లీ వేయాలి. ఇళ్లలో వాడే చవక స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు మీద ట్యూబ్ ఆంప్ నడపవద్దు, దాని గరగర రికార్డింగులోకి వస్తుంది.

4. ఆంప్ ఆన్ చేసే ముందు

స్పీకరు తగిలించకుండా ట్యూబ్ ఆంప్‌ను ఆన్ చేసి వాయిస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయే ప్రమాదం ఉంది. ఇది ట్రాన్సిస్టరు ఆంప్‌లకు అలవాటు పడిన వారు గుర్తుపెట్టుకోవలసిన మొదటి తేడా.

- క్యాబినెట్ (స్పీకర్లున్న పెట్టె) 16 ఓమ్‌లదైతే ఆంప్ సెలెక్టరు 16 మీద, 8 ఓమ్‌లదైతే 8 మీద ఉండాలి.
- హెడ్ (స్పీకరు లేని ఆంప్ పెట్టె) నుంచి క్యాబినెట్‌కు స్పీకరు కేబులే వాడాలి. చూడటానికి ఒకేలా ఉన్నా గిటారు కేబుల్ లోపలి తీగ సన్నన, ఆ పనికి చాలదు.
- హెడ్‌ను క్యాబినెట్ నెత్తిన పెట్టకుండా పక్కన స్టూలు మీద ఉంచాలి. గట్టి వాల్యూమ్‌లో క్యాబినెట్ అదురుకు ట్యూబులు కూడా అదిరి మోగుతాయి.
- వెనుక గాలి ఆడేలా కనీసం 30 సెంటీమీటర్లు ఖాళీ వదలాలి. మన ఎండల్లో ఇది చిన్న విషయం కాదు.
- పవర్ స్విచ్ వేసి, స్టాండ్‌బైలో ఒకటి రెండు నిమిషాలు ట్యూబులు కాగనిచ్చి, ఆ తరువాతే స్టాండ్‌బై తీయాలి.

ఆన్ అయ్యాక దీపాలు తగ్గించి పవర్ ట్యూబులను చూడాలి. గాజు లోపలి గోడ మీద లేత నీలి వెలుగు కనిపిస్తే భయం లేదు. ట్యూబు మధ్యనున్న లోహపు ప్లేటు ఎర్రగా కాలుతున్నట్టు కనిపిస్తే మాత్రం ఆ క్షణమే ఆపేయాలి. ఆ ట్యూబు గానీ దాని బయాస్ (ట్యూబులో పారే కరెంటు అమరిక) గానీ చెడింది. ప్రీఆంప్‌లోని, అంటే గిటారు సిగ్నల్‌ను మొదట పెంచే భాగంలోని, 12ఏఎక్స్7 ట్యూబులను ఒక్కొక్కటిగా పెన్సిలు చివరతో మెల్లగా తట్టి చూడాలి. తట్టినప్పుడు స్పీకరులో గంట కొట్టినట్టు సాగే మోత వస్తే ఆ ట్యూబు మార్చాలి. విడిగా ఒక 12ఏఎక్స్7, ఒక జత పవర్ ట్యూబులు, ఆంప్‌కు సరిపడే ఫ్యూజులు వెంట ఉండాలి. ఈఎల్34 లాంటి పవర్ ట్యూబులు తిరుపతిలో అప్పటికప్పుడు దొరుకుతాయన్న నమ్మకం పెట్టుకోకుండా, ముందుగానే చెన్నై నుంచి తెప్పించుకోవడం మంచిది.

5. చెవులు

సెలెషన్ గ్రీన్‌బ్యాక్ లాంటి 12 అంగుళాల స్పీకరు ఒక వాటుకు, ఒక మీటరు దూరంలో సుమారు 98 డెసిబెల్స్ ఇస్తుంది. 50 వాట్లు అంటే దానిపై మరో 17; మొత్తం 115. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నయాష్ సిఫారసు 85 డెసిబెల్స్ వద్ద రోజుకు 8 గంటలు. ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ సమయం సగమవుతుంది. 100 వద్ద మిగిలేది 15 నిమిషాలే.

హాలులో ఉండే ప్రతి ఒక్కరికీ ఇయర్‌ప్లగ్గులు ఉండాలి, మైకు జరిపే వ్యక్తికి వాటిపైన ఇయర్‌మఫ్ కూడా ఉండాలి. మైకు జరిపేటప్పుడు వాయించడం ఆపాలన్న నియమం పెట్టుకోండి. పిల్లలను హాలులోకి రానీయవద్దు.

6. ఆంప్ నిలిపే చోటు

హాలు నడిమధ్య, గోడల నుంచి సరిసమానమైన దూరం, మూల: ఈ మూడూ పనికిరావు. నడిమధ్యలో రెండు పక్క గోడల ప్రతిధ్వనులు ఒకే క్షణంలో తిరిగి వచ్చి ఒకే స్వరాన్ని ఉబ్బిస్తాయి లేదా తినేస్తాయి. మూలలో కింది స్వరం అవసరానికి మించి పెరుగుతుంది. పొడవులో మూడో వంతు దగ్గర, ఒక పక్క గోడకు కొంచెం దగ్గరగా, ఎదుటి గోడకు సూటిగా కాకుండా 10 నుంచి 15 డిగ్రీలు తిప్పి పెట్టడంతో మొదలుపెట్టాలి. మొదటి అంశంలో చెప్పిన గిలక మోతకు ఈ తిప్పుడే సగం మందు. మిగతా సగం కోసం ఒక పక్క గోడకు మాత్రమే టెంట్ హౌస్ నుంచి తెచ్చిన పరుపులను నిలువుగా ఆనించాలి. రెండు గోడలకూ అవసరం లేదు.

చాలా మండపాల్లో వేదిక లోపల బోలుగా ఉండే చెక్కతోనో, ఇటుక అరుగుతోనో కట్టి ఉంటుంది. చెక్క వేదిక డప్పులా అదురుతుంది కనుక ఆంప్‌ను దాని మీద పెట్టకుండా కింది నేల మీదికి దించాలి. నేల మీద నేరుగా పెడితే కింది స్వరం పెరుగుతుంది, బలమైన స్టూలు మీద 40 నుంచి 60 సెంటీమీటర్లు పైకెత్తితే అది సద్దుమణుగుతుంది. రెండూ విని నిర్ణయించుకోవాలి.

వెనుక తెరచి ఉన్న కాంబో (ఆంప్, స్పీకరు ఒకే పెట్టెలో ఉన్నది) అయితే వెనుక గోడ కూడా లెక్కలోకి వస్తుంది. వెనుక నుంచి వచ్చే శబ్దం ముందుదానికి తలకిందులైన తరంగంగా ఉండి, గోడకు తగిలి తిరిగి ముందుకు వస్తుంది. అటువంటి ఆంప్‌కు గోడ నుంచి కనీసం ఒకటిన్నర మీటరు ఎడం ఇవ్వాలి.

ఇక వినడం. ఒకరు ఒకే రిఫ్‌ను ఆపకుండా వాయిస్తూ ఉండగా, మరొకరు ఇయర్‌ప్లగ్గులతో హాలంతా తిరిగి, గిటారు నిండుగా వినిపించిన చోట్ల నేల మీద సుద్దముక్కతో గీత పెట్టాలి. గది మైకులు తరువాత నిలబెట్టేది ఆ గీతల మీదే. ఈ అరగంట పనిని ఏ పరికరమూ భర్తీ చేయలేదు.

7. వాల్యూమ్, గెయిన్

పెద్ద హాలు దొరికింది కదా అని నాబును చివరిదాకా తిప్పనక్కర లేదు. చాలా ట్యూబ్ ఆంప్‌లలో శబ్దం పెరుగుదల దాదాపు సగం తిప్పేసరికే పూర్తవుతుంది. అక్కడి నుంచి పెరిగేది ముక్కలయ్యే స్వరమూ బిగుతూ మాత్రమే. పైగా వాట్లు రెట్టింపు చేసినా పెరిగేది 3 డెసిబెల్సే కనుక, 100 వాట్ల ఆంప్ కోసం వెతకడం కంటే చేతిలోని 20 లేక 50 వాట్లదాన్ని దాని ఇష్టమైన చోట నిలపడం మేలు.

క్రమం ఇలా ఉంటుంది. టోన్ నాబులు అన్నీ మధ్యలో పెట్టి, ప్రీఆంప్ గెయిన్ (స్వరం ఎంత పగలాలో తేల్చే నాబు) తక్కువగా ఉంచి, మాస్టర్ వాల్యూమ్‌ను మెల్లగా పెంచాలి. స్పీకరు కోను గాలిని తోస్తున్నట్టు ఛాతీకి తెలిసే చోటు ఒకటి వస్తుంది. అక్కడ ఆగి, ఇప్పుడు గెయిన్‌ను కావలసినంత తేవాలి. వేదిక మీద వాయించేటప్పుడు పెట్టుకునే గెయిన్ కంటే రికార్డింగుకు పావు వంతు తగ్గించడం మంచిది, ఎందుకంటే ఒకే భాగాన్ని రెండు మూడు సార్లు వాయించి పొరలుగా వేసినప్పుడు డిస్టార్షన్ కూడుకుంటుంది, హాలు తోక దాన్ని ఇంకా మసకబారుస్తుంది.

గట్టి శబ్దంలో చెవి కింది, పై స్వరాలను ఉన్నదానికంటే ఎక్కువగా వింటుంది. హాలులో నిలబడి బేస్ తగ్గించి, తరువాత ఇంట్లో వినేసరికి గిటారు పలుచగా అనిపించడం అందువల్లే. టోన్ నాబుల మీద తీర్పు చెప్పవలసింది వరుడి గదిలో, మామూలు మాట వినబడేంత వాల్యూమ్‌లో రికార్డింగు విన్న తరువాతే.

కాంపౌండు బయట మీటరు ఎక్కువ చూపితే ఆంప్‌కూ క్యాబినెట్‌కూ మధ్య ఓమ్‌లు సరిపోయే అటెన్యుయేటరు (స్పీకరుకు వెళ్లే శక్తిని తగ్గించే పెట్టె) పెట్టవచ్చు. 6 నుంచి 8 డెసిబెల్స్ వరకు తగ్గిస్తే స్వభావం పెద్దగా మారదు. అంతకు మించి తగ్గిస్తే హాలుకు వచ్చిన ప్రయోజనమే పోతుంది.

8. మైకులు

దగ్గరి మైకు. నాలుగు స్పీకర్ల క్యాబినెట్ అయితే నాలుగూ ఒకేలా పలకవు. తక్కువ వాల్యూమ్‌లో ఒక్కొక్కటి విని మంచిదాన్ని ఎంచుకోవాలి. జాలీ గుడ్డ వెనుక కోను ఎక్కడుందో టార్చిలైటు వేస్తే కనిపిస్తుంది. ష్యూర్ ఎస్ఎం57 లాంటి డైనమిక్ మైకును గుడ్డకు 2 నుంచి 5 సెంటీమీటర్ల దూరంలో, కోను మధ్యనున్న గుండ్రటి టోపీ అంచు మీదికి గురిపెట్టాలి. మధ్యకు జరిపితే పదును, అంచుకు జరిపితే మెత్తదనం. ఇందుకు చెవులను బలిపెట్టని ఉపాయం ఒకటి ఉంది: గిటారు తీసేసి, గెయిన్ పెంచి, ఆంప్ స్వతహాగా చేసే సుస్సుమనే శబ్దాన్ని తక్కువ వాల్యూమ్‌లో మోగనిచ్చి, హెడ్‌ఫోన్లలో వింటూ మైకును మిల్లీమీటర్ల చొప్పున జరపాలి. ఆ సుస్సు ఎక్కడ కర్కశంగానూ మందంగానూ కాకుండా సమంగా వినిపిస్తుందో అక్కడే మైకు నిలవాలి. స్టాండుకు ఇసుక సంచి కట్టి, నేల మీద టేపు గుర్తు వేయండి.

రెండో మైకు. రిబ్బన్ మైకు (లోపల సన్నని లోహపు పట్టీ ఉండేది) ఉంటే 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో పెట్టవచ్చు. పాత రిబ్బన్ మైకులకు ఇంటర్‌ఫేస్ మైకు కేబులు గుండా పంపే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ తగలకుండా చూసుకోవాలి. రెండు దగ్గరి మైకులు కలిపి విన్నప్పుడు గిటారు సన్నబడితే ఒకదాని పోలారిటీ (తరంగపు ప్లస్, మైనస్ దిశ) తిప్పి చూడాలి. రెండింటిలో కింది స్వరం నిండుగా ఉన్నదే సరైనది. తిప్పినా నిండుగా రాకపోతే దూరాల తేడా వల్ల వస్తున్న సమస్య అది. ఒక మిల్లీసెకను ఆలస్యానికే 500 హెర్ట్జ్ దగ్గర గుంట పడుతుంది, అంటే ఆ స్వరం బాగా తగ్గిపోతుంది. మైకును జరపడమే మందు, ఈక్వలైజరు కాదు.

మధ్య మైకు. పెద్ద హాలులో ఎక్కువ రికార్డింగులు చెడేది ఇక్కడే. స్పీకరు 60 సెంటీమీటర్ల ఎత్తులో, మైకు 2 మీటర్ల దూరంలో 1.2 మీటర్ల ఎత్తులో ఉందనుకోండి. నేరుగా వచ్చే శబ్దం 2.09 మీటర్లు ప్రయాణిస్తే, గ్రానైట్ నేలకు తగిలి వచ్చేది 2.69 మీటర్లు ప్రయాణిస్తుంది. ఆ 60 సెంటీమీటర్ల తేడా మన వేడి గాలిలో, అంటే శబ్దం సెకనుకు సుమారు 350 మీటర్లు పోయే చోట, 1.7 మిల్లీసెకన్లు. దాని వల్ల 290 హెర్ట్జ్ దగ్గర, గిటారు కండ అంతా ఉండే చోట, గుంట పడుతుంది. బావిలోంచి వచ్చినట్టుండే ఆ మోతలో పెద్ద వాటా దీనిదే. నేల మీద శబ్దం తగిలే చోటు ఈ లెక్కలో క్యాబినెట్‌కు 67 సెంటీమీటర్ల ముందు ఉంటుంది. అక్కడ దూది పరుపు రెండు మడతలు వేసి పరిస్తే గుంట చాలావరకు పూడుతుంది. లేదా మైకును నేలకే ఆనించి పెట్టేస్తే రెండు దారుల తేడా దాదాపు లేకుండా పోతుంది. నాకు రెండో పద్ధతే నచ్చుతుంది, ఖర్చు లేదు, స్టాండూ అక్కర్లేదు.

గది మైకులు. ఆంప్ నుంచి ఒక దూరం దాటాక నేరుగా వచ్చే శబ్దం కంటే హాలు ప్రతిధ్వని ఎక్కువవుతుంది. పైన చెప్పిన 1,440 ఘనపు మీటర్ల, 2.5 సెకన్ల హాలులో, ముందుకు గురి ఉన్న గిటారు క్యాబినెట్‌కు ఆ దూరం సుమారు రెండున్నర మీటర్లు. అంతకు లోపల మైకు పెడితే అది దగ్గరి మైకుకు మసక నకలు మాత్రమే అవుతుంది. కాబట్టి గది మైకులను 6 నుంచి 8 మీటర్ల దూరంలో, సుద్ద గీతల దగ్గర, రెండున్నర మీటర్ల ఎత్తులో జతగా నిలపాలి. 7 మీటర్లు అంటే 20 మిల్లీసెకన్ల ఆలస్యం, అది లోతుగా వినిపిస్తుంది. 14 మీటర్లు దాటితే 40 మిల్లీసెకన్లు, చెవి దాన్ని వేరే దెబ్బగా పట్టుకోవడం మొదలుపెడుతుంది. కేవలం తోక మాత్రమే కావాలంటే మైకు ముఖాన్ని ఆంప్ వైపు కాక ఎదుటి గోడ వైపు తిప్పాలి.

గది మైకులకు గెయిన్ ఎక్కువ కావాలి కనుక ఫ్యాన్ల హోరు, పావురాల రెక్కల చప్పుడు, దూరపు రైలు కూత అన్నీ వాటిలో పడతాయి. టేకుకు ముందు ఫ్యాన్లు, ట్యూబ్‌లైట్లు ఆపేయాలి. ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్లు సింగిల్ కాయిల్ పికప్ (తీగల కంపనాన్ని పట్టే అయస్కాంతపు చుట్ట) ఉన్న గిటార్లలోకి గరగరను కూడా పంపిస్తాయి. ఫ్యాన్లు లేకుండా జూలై మధ్యాహ్నం ఎవరూ ఎక్కువసేపు వాయించలేరు, కాబట్టి నాలుగైదు నిమిషాల చిన్న టేకులుగా విడగొట్టుకోవాలి.

9. కంట్రోల్ రూము, కేబుళ్లు, లెవెళ్లు

ఆంప్ మోగుతున్న హాలులోనే కూర్చుని హెడ్‌ఫోన్లలో మైకు స్వరాన్ని అంచనా వేయడం అసాధ్యం. వరుడి గదికి మైకు కేబుళ్లు, వాటితోపాటు 3వ అంశంలో చెప్పిన ఒకే సాకెట్టు నుంచి ఇంటర్‌ఫేస్, లాప్‌టాప్‌లకు కరెంటు తీగా లాగాలి. బ్యాలెన్స్‌డ్ ఎక్స్ఎల్ఆర్ కేబులు (మూడు పిన్నుల మైకు కేబులు) 30 మీటర్లున్నా నష్టం లేదు. గిటారు కేబులు అలా కాదు, 6 మీటర్లు దాటితే పై స్వరాలు తగ్గడం వినిపిస్తుంది. వాయించేవారు కూడా కంట్రోల్ రూములోనే ఉండాలనుకుంటే హెడ్‌ను అక్కడికి తెచ్చి, క్యాబినెట్‌కు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి స్పీకరు కేబుల్ 10 మీటర్లు లాగవచ్చు. చెవులకు అదే క్షేమం. ఫీడ్‌బ్యాక్‌తో (ఆంప్ శబ్దానికి తీగలు తిరిగి మోగడంతో) స్వరం సాగదీయాలంటే మాత్రం గిటారు హాలులోనే ఉండక తప్పదు.

24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో, శిఖరాలు మైనస్ 12 నుంచి మైనస్ 6 డెసిబెల్స్ మధ్య ఉండేలా రికార్డు చేయాలి. ఎంత గెయిన్ తగ్గించినా దగ్గరి మైకు పగులుతుంటే ఇంటర్‌ఫేస్‌లో సిగ్నల్‌ను తగ్గించే ప్యాడ్ బటన్ నొక్కాలి. డీఐ బాక్సుతో (గిటారును నేరుగా ఇంటర్‌ఫేస్‌కు కలిపే పెట్టెతో) గిటారు ముడి సిగ్నల్‌ను వేరే ట్రాకులో తప్పక దాచుకోవాలి. టేకు బాగుండి స్వరం నచ్చకపోతే, రీఆంప్ బాక్సు ద్వారా దాన్నే మళ్లీ ఆంప్‌లోకి పంపించి రికార్డు చేసుకోవచ్చు. ఒక్క రోజు అద్దెతో ఎక్కువ పని కావాలనుకునేవారు భాగాలన్నీ ఇంట్లోనే డీఐలో వాయించుకుని, మండపంలో రీఆంప్ మాత్రమే చేయడం చాలా లాభసాటి.

10. వినిపించే లోపం, చేయవలసిన పని

- సన్నని 50 హెర్ట్జ్ హమ్ ఆగకుండా వస్తోంది: అన్నీ ఒకే సాకెట్టులో ఉన్నాయా చూడాలి, లాప్‌టాప్‌ను బ్యాటరీ మీద నడిపి చూడాలి. ఎర్తు పిన్ను తీయడం జవాబు కాదు.
- గిటారు తిప్పితే హమ్ మారుతోంది: అది పికప్‌లోకి గాలిలో వస్తున్నది. ట్రాన్స్‌ఫార్మరు, స్టెబిలైజరు దూరంగా జరిపి, హమ్ తగ్గే దిక్కుకు తిరిగి వాయించాలి.
- ఒకే స్వరం దగ్గర బరబర మోత: చాలాసార్లు అది ఆంప్ కాదు, వదులైన కిటికీ అద్దం, పేర్చిన ఇనుప కుర్చీలు, లేదా హాలు చివరి హుండీ పెట్టె. తక్కువ స్వరం నుంచి పైకి మెల్లగా వాయిస్తూ ఒకరు చేత్తో పట్టి వెతకాలి.
- దగ్గరి మైకు, గది మైకులు విడివిడిగా బాగుండి, కలిపితే పేలవంగా ఉంది: ముందు పోలారిటీ తిప్పి చూడాలి. గది ట్రాకులను కాలంలో వెనక్కి లాగి దగ్గరిదానితో కలపవద్దు, ఆ ఆలస్యమే లోతు. గది ట్రాకులో 150 హెర్ట్జ్ కింద కోసేస్తే చాలాసార్లు సరిపోతుంది.
- వేగమైన భాగాలు మసకగా ఉన్నాయి: గది మైకుల లెవెల్ తగ్గించడం కాదు, ఆ భాగానికి వాటిని పూర్తిగా ఆపేయడం మేలు. నెమ్మదైన భాగాల్లో మళ్లీ తెరవవచ్చు.
- గంట తరువాత స్వరం మారింది: వోల్టేజీ పట్టిక చూడాలి, తరువాత తీగలు చూడాలి. మన ఉక్కలో చేతి చెమటకు తీగలు త్వరగా మందగిస్తాయి.

11. హాలు ఖాళీ చేసే ముందు

చివరి టేకు అయ్యాక ఆంప్ ఆపేయడానికి తొందరపడవద్దు. మైకులు అలాగే ఉండగా అర నిమిషం ఖాళీ హాలు నిశ్శబ్దాన్ని రికార్డు చేయాలి, తరువాత మిక్సింగులో హోరు తీసేయడానికి అది పనికొస్తుంది. ఆంప్ ఉన్న చోటే రెండు మూడు బెలూన్లు పగలగొట్టి గది మైకులతో పట్టుకుంటే, ఆ హాలు ప్రతిధ్వని నమూనాను కన్వల్యూషన్ రివర్బ్‌లో (నమూనా నుంచి గది మోతను తిరిగి పుట్టించే సాఫ్ట్‌వేర్‌లో) వేసుకుని, ఇంట్లో వాయించే భాగాలకు కూడా అదే గదిని ఇవ్వవచ్చు.

తరువాత ఆంప్ స్టాండ్‌బైలోకి, అక్కడి నుంచి ఆఫ్‌కు. వేడిగా ఉన్న ట్యూబులు కుదుపుకు త్వరగా దెబ్బతింటాయి కనుక, ఆటో ఎక్కించే ముందు కనీసం పావుగంట చల్లారనివ్వాలి. ఆ పావుగంటలో చేయవలసినవి ఇవి:

- ప్రతి ట్రాకు మొదలు, మధ్య, చివర ఒక్కోసారి విని, రెండో హార్డ్ డిస్కులోకి కాపీ తీయడం.
- ఆంప్ నాబులు, మైకుల చోట్లు, సుద్ద గీతలు ఫోటో తీసి, గోడల నుంచి దూరాలు టేపుతో కొలిచి రాసుకోవడం.
- నేల మీది టేపు జిగురు, సుద్ద గీతలు తుడిచి, టెంట్ హౌస్ పరుపులు లెక్క చూసి అప్పగించడం.
- మెయిన్ బోర్డులో మనం ఆపిన ఫ్యాన్లు, లైట్ల స్విచ్‌లు మళ్లీ వేసి, తాళం మేనేజరుకు ఇవ్వడం.